మసి

హెల్వి వచ్చింది. స్వీడన్ నుంచి ఇంతకుముందు
రెండుసార్లు వచ్చింది, రెండూ చావులకే.
ఈసారి ఎవరూ పోలేదు.
ఇల్లు అమ్మేస్తున్నాం, దాని సంతకం కావాలి.

వెంట మనవరాలు తూవా.
సాయంకాలపు బడిలో రెండేళ్ళు ఫిన్నిష్ నేర్చుకుందట.
మా అక్కచెల్లెళ్ళ మధ్య మాటలు మోసే కూలి ఇప్పుడు ఆ పిల్లే.
"కాఫీలో పాలు పోయనా?" అన్నా
దాని నోట్లోంచి అటు వెళ్ళి
"వద్దు" అయి తిరిగి రావాలి.

నలభై రెండు ఫిబ్రవరిలో
నాన్న ఉత్తరాలు ఆగిపోయాయి.
కాయాని ఊళ్ళో కాఫీ అంటే మాడ్చిన రై గింజలు.
ఇద్దరిలో ఒకరిని స్వీడన్ రైలెక్కిస్తే
మిగిలినవాళ్ళకి పాలు సరిపోతాయని లెక్క.
అట్టముక్క మీద నా పేరే రాశారు:
సైమి, ఏడేళ్ళు, రెండువందల పద్నాలుగు.
దారం గుచ్చి గోడమేకుకి తగిలించారు.
రాత్రంతా దానికేసే చూస్తూ పడుకున్నాను.

తెల్లవారుజామున లేచి
పొయ్యి ఇనప తలుపుకి నుదురు ఆనించాను.
చురుక్కుమన్నా తియ్యలేదు.
డాక్టరు చెయ్యి వేసి చూసి తల అడ్డంగా ఊపాడు.
జ్వరమున్న పిల్లని ఎక్కించరు.
అట్ట మార్చలేదు. పేరు కొట్టేసి
హెల్వి, నాలుగేళ్ళు, అని రాశారు.
నంబరు అదే.

అయిదేళ్ళకి తిరిగొచ్చింది,
మంచి బూట్లతో, మాది కాని భాషతో.
అమ్మని ఆంటీ అంది.
ఒకరోజు ఉడికిన బంగాళదుంపల్ని వేలితో చూపిస్తూ
గుక్కపట్టి ఏడ్చింది.
ఎందుకో అడగడానికి మాకు మాట లేదు,
చెప్పడానికి దానికీ లేదు.
పదహారో ఏట మళ్ళీ వెళ్ళిపోయింది,
మెడలో ఎవరూ అట్ట కట్టకుండానే.

అమ్మ పోయేదాకా ఒకటే మాట:
"ఆ రోజు సైమికి జ్వరం, ఏం చేస్తాం."
అన్నప్పుడల్లా నా ఒళ్ళోని నిప్పు
ఇంకో పొర కాల్చేది.

ఇవాళ చెప్పేశాను.
తూవా సగందాకా బాగానే మోసింది.
పొయ్యి, నుదురు, దొంగజ్వరం, అన్నీ వచ్చాయి.
"ఇంత మసి అంటింది కదా,
డాక్టరుకి ఎలా కనబడలేదో" అన్నప్పుడు
మసి దగ్గర ఆగింది.
ఆ మాట బడిలో చెప్పలేదట.

లేచి పొయ్యి తలుపు తీసి, లోపల వేలు రాసి,
ఇదీ, అని నుదుట పెట్టుకు చూపించాను,
డెబ్బై దగ్గరపడ్డ ముసలిదాన్ని.

హెల్వి పిల్ల వైపు చూడలేదు.
బల్లగుడ్డ అంచు ఉమ్మితో తడిపింది.
ఎడమచేత్తో నా గడ్డం పట్టుకుని
రెండు రుద్దులు, కుడికొకటి, ఎడమకొకటి.
అలా తుడిచేది ఈ లోకంలో ఒక్క మనిషే.

తర్వాత ఏదో అంది. తూవా చెప్పింది:
"బల్ల కింద కూచుని చూసిందట.
డాక్టరు తలుపు తట్టేలోపు
మీ అమ్మ ఇలాగే తుడిచిందట."

అమ్మ.

నాకు మాట రావడానికి చాలాసేపు పట్టింది.
"మరి ఇన్నేళ్ళు చెప్పలేదేం?"
అటు వెళ్ళి, ఇటు వచ్చింది జవాబు:
"ఏ భాషలో?"

ఆ పైన హెల్వి చాలాసేపు మాట్లాడింది,
నా కళ్ళలోకి చూస్తూ, గొంతు పెంచకుండా.
తూవా తన కప్పులోకి చూస్తూ కూచుంది.
నేనూ అడగలేదు.