మనిషికి మూడు నిమిషాలు

ఈ రాత్రి నా ఉద్యోగం ఒక పెట్టె.
దాని మీద మూడు దీపాలు:
పచ్చ వెలిగితే మాట్లాడాలి,
పసుపు వెలిగితే తేల్చెయ్యాలి,
ఎరుపు వెలిగితే ఎంత కడుపుమంట ఉన్నా కూర్చోవాలి.

అమెరికా పటంలో వేలిగోరు కింద దాగిపోయే
టామరాక్ కౌంటీ మాది.
హైస్కూలు బాస్కెట్‌బాల్ హాల్లో
నూట అరవై మడత కుర్చీలు చాలక
గోడల వెంట నిలబడ్డారు జనం.
తడిసిన ఉన్ని కోట్ల వాసన.
బూట్ల కింద కరుగుతున్న మంచు.

తీర్మానం నాలుగు వాక్యాలే.
ఇంట్లో తుపాకీ ఉంటే తాళం వేసి ఉంచాలి,
తూటాలు వేరే చోట పెట్టాలి.
మిగతా రెండూ జరిమానా సంగతి.

ముందు ఓర్విల్ స్టాడ్లర్ లేచాడు, టోపీ తియ్యకుండానే.
"షెరీఫ్ మా దొడ్డికి రావాలంటే నలభై నిమిషాలు.
దేవుడు ఇంకా ఆలస్యం.
తోడేలు దూడ గొంతు పట్టుకున్నాక
తాళంచెవి వెతుక్కోమంటారా?"
హాలు సగం నవ్వింది. నేనూ నవ్వాను.

నర్సు మార్గిట్ హల్వర్సన్ లెక్కలేవీ తేలేదు.
"మా వార్డులో అన్నిటికన్నా చిన్న గౌను
ఎంత ఉంటుందో తెలుసా?" అని
రెండు చేతులూ ఎడంగా పట్టుకుని చూపించింది.
పసుపు వెలిగింది, ఎరుపు వెలిగింది,
చేతులు దించలేదు.

ముసలి సైనికుడు క్లీటస్ బౌడ్రీ
రాజ్యాంగంలోని ఆ ఒక్క వాక్యం చదివాడు,
కామా వచ్చినచోటల్లా ఆగి, ఊపిరి పీల్చి.
ఎన్ని తరాలుగానో ఆ కామాల దగ్గరే
కాలు జారుతోంది మా దేశానికి.

ఒక్కొక్కరే వస్తున్నారు.
"నీ బాధ అర్థమైంది, కానీ…"
"నీ హక్కు కాదనను, కానీ…"
మినిట్స్ పుస్తకంలో ప్రతిదీ రాస్తాను,
ఆ "కానీ"లు తప్ప.
అవి రాయడం మొదలుపెడితే
పుస్తకం చాలదు.

ఇరవై మూడో పేరు టెస్సా, పదహారేళ్లు.
"డ్రిల్లు బెల్లు మోగితే మా క్లాసు దాక్కునేది ఇక్కడే.
నా చోటు ట్రోఫీల బీరువా పక్కన.
ఇప్పుడు మీరు నిలబడ్డారే, స్టాడ్లర్ గారూ,
సరిగ్గా అక్కడ."
ఆయన ఒక్క అడుగు పక్కకి జరిగాడు.
ఎందుకు జరిగాడో ఆయనకీ తెలిసినట్టు లేదు.

ముప్పై తొమ్మిదో పేరు నాది.
సాయంత్రం నేనే రాసి, నేనే కొట్టేశాను.

మా తమ్ముడు వెండెల్‌కి అప్పుడు పంతొమ్మిది.
నాన్న వేట తుపాకీ తలుపు వెనక, గొడుగు పక్కన ఉండేది.
వాన వచ్చినా అటే, జింక వచ్చినా అటే
చెయ్యి చాచేవాళ్లం.
ఆ మధ్యాహ్నం వాడు ఎంతసేపు ఆలోచించాడో,
మూడు నిమిషాలో, అంతకన్నా తక్కువో.
ఓర్విల్ గారూ,
తాళంచెవి వెతుక్కునేంతసేపు
వాడు ఆ ఇంట్లో తిరిగి ఉంటే,
సొరుగులు లాగుతూ, నన్ను తిట్టుకుంటూ,
పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని
మధ్యలో మరిచిపోయి ఉంటే.

అదే తుపాకీ ఇప్పుడు నా దగ్గరుంది.
అమ్మలేదు. లోయ చివర ఒంటి ఇల్లు,
రాత్రి కంచె దగ్గర అలికిడైతే
నాకూ భయమే.
తాళం వేస్తాను.
వేశానో లేదోనని మళ్లీ లేచి చూస్తాను.

ఓటింగ్ వచ్చే నెలకి వాయిదా పడింది.
జనం వెళ్లిపోయారు, వాదించుకుంటూనే,
ఒకరి కారు అద్దాల మంచు ఒకరు గీకిపెడుతూ.

కుర్చీలు మడుస్తూ మడుస్తూ
ఏం తోచిందో, మీట నొక్కాను.
ఖాళీ హాల్లో పచ్చ దీపం.
నోరు తెరిచాను. గొంతు పెగల్లేదు.

అప్పుడే తలుపు చప్పుడు.
మరిచిపోయిన చేతి తొడుగుల కోసం ఓర్విల్.
దీపం చూశాడు, నన్ను చూశాడు.
నేను మడిచిన కుర్చీల్లోంచి ఒకటి విప్పుకుని కూర్చున్నాడు.
టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"కానీ," అన్నాడు.

ఆ మాట తర్వాత
ఈ రాత్రి ఎవరూ ఆగలేదు.
ఆయన ఆగాడు.