సాగిన బోల్టు

డార్లస్టన్‌లో వాన ఇవాళ కూడా రేకుల మీదే కాపురం.
షెడ్డులో హీటరు నా ఒక్క కాలినే వెచ్చబెడుతుంది,
మిగతా వేడి ఇంజనుది.

ఆరు సిలిండర్లు. యాభై ఏడో సంవత్సరం.
బిస్కెట్ల అట్టపెట్టె మీద టైమింగ్ కవరు బొమ్మ గీసి
ఏ బోల్టు ఎక్కడ ఊడిందో అక్కడే గుచ్చాను.
పొడుగువి పైన, పొట్టివి కింద,
ఒకటి మాత్రం పరాయిది, ఏ ట్రాక్టరుదో,
పెళ్లి ఫొటోలో దూరిన దారినపోయే దానయ్యలా
మూలన నిలబడి ఉంది.

ట్రాంటర్ గారు రోజు విడిచి రోజు ఫోను చేస్తారు.
"అన్నీ పాతవే ఉండాలి, లిన్.
కనబడని చోట కూడా.
తలకాయ మీద కంపెనీ అచ్చుతో సహా."

తలకాయ సంగతి సరే.
తెగేది మెడ దగ్గర.

కిరసనాయిల్లో రాత్రంతా నానబెట్టి
ఇత్తడి బ్రష్షుతో మరలు తోమి
మైక్రోమీటరు దవడల మధ్య ఒక్కొక్కటీ పెట్టాను.
హెడ్డు స్టడ్డులు పద్నాలుగు: పదమూడు నిక్కచ్చి.
ఒకటి కుళ్లింది, వదిలేశాను, దాని గురించి బాధ లేదు.
కానీ కనెక్టింగ్ రాడ్డు బోల్టులు పన్నెండు
చూపుకి కవల పిల్లలు,
కొలిస్తే అన్నీ సాగాయి,
అంగుళంలో వెయ్యో వంతులు, మూడు, అయిదు, ఒకటి ఏకంగా ఏడు.
నిమిషానికి అయిదువేల సార్లు
పిస్టన్ పారిపోతానంటే పట్టుకున్నాయి పాపం,
డెబ్బై ఏళ్లు కావస్తోంది.

వాటి తలల మీద అచ్చు నాకు తెలుసు.
మా మేనత్త హిల్డా పనిచేసిన కార్ఖానాది.
ఇరవై రెండేళ్లు అక్కడ ఆవిడ ఉద్యోగం వినడం:
ఇనుప పలక మీద బోల్టు జారవిడిచేది,
గట్టిదైతే గంట, పగులుంటే చెక్క.
చెక్కలన్నీ ఎర్ర డబ్బాలోకి.

ఆదివారం వృద్ధాశ్రమానికి వెళ్లాను, ఏడు సాగినదాన్ని జేబులో వేసుకుని.
ఎలా ఉన్నావత్తా అంటే
"సాగుతోంది" అంది.
జేబు బరువెక్కింది.

బోల్టు తీసుకుని, అలవాటు కొద్దీ,
టీ ట్రే మీద జారవిడిచింది.
ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడిదాన్ని వంచింది.
గోటితో మర వెంట నడిచింది,
మెడ దగ్గర ఆగింది.
మర చేసినవాళ్లకి మరపు ఉండదేమో.

"పాతది కదా, తిరిగి వాడమంటున్నారు" అన్నాను.
నవ్వింది. టీ ఒలికింది.
"వారానికి నలభై వేలు చేసేవాళ్లమే!
ఇవి పూజకి పనికొస్తాయని ఒక్కడు చెప్పలేదు.
చెప్పుంటే జీతం పెంచమని గేటు ముందు కూర్చునేవాళ్లం.
మార్చెయ్. ఇంకోటి చెయ్యొచ్చనే కదా
మేం అంత మందిమి ఉన్నది."

మార్చేశాను.
కొత్తవి పన్నెండు, తలల మీద ఎవరో ముక్కూమొహం తెలియని అంకెలు.
నూనె రాసి, వేళ్లతో మొదలుపెట్టి, పానాతో ముగించి
నలభై అయిదు దగ్గర టక్కుమనేదాకా.
పదమూడు స్టడ్డులు మాత్రం వాటి పాత ఇళ్లకే వెళ్లాయి.
సంపు బోల్టులు కూడా. వాషర్లు రాగివి, కాల్చి మెత్తబరిచాను.
రాకర్ కవరు నట్టు ఒకటి నూనె కారుతుంది,
మంగళవారం చూస్తాను.

ట్రాంటర్ గారికి చెప్పినప్పుడు
ఫోన్లో చాలాసేపు వాన ఒక్కటే వినిపించింది.
తర్వాత, "తీసినవైనా సీసాలో పోసి ఇవ్వు."

ఇచ్చాను. మూత తీసి లెక్కపెట్టారు, ఆయన లెక్కపెట్టే మనిషి.
"పదకొండే ఉన్నాయేంటి?"

హిల్డా గది కిటికీ సరిగా నిలవదు, జారిపడుతుంటుంది.
కింద ఒక గడుసు ముక్క ఆనిస్తే
బయటి గాలి వస్తుంది, మూడు అంగుళాల మేర.

"ఒకటి వాడకంలో ఉందండీ" అన్నాను.