కొన దగ్గర సున్నా

షెఫీల్డ్‌లో, అటర్‌క్లిఫ్ రోడ్డు వెనక,
పాత టైర్ల కొట్టుకీ మూతబడ్డ పబ్బుకీ నడుమ
మా షెడ్డు.
రాత్రి షిఫ్టులో ఇద్దరమే, నేనూ స్టానిఫోర్తూ.
రేకుల మీద వాన తన డ్యూటీ తాను చేసుకుపోతుంటుంది.

ఈ కట్టరుకు సొంత పళ్ళు లేవు.
బోసినోటి ఉక్కు కడ్డీ,
కొన మాత్రం గోళీకాయలో సగంలా గుండ్రన.
ఆ బోసి చిగుళ్ళలో
నెలవంక లాంటి కార్బైడ్ బిళ్ళలు రెండు కూర్చోబెట్టి
చీమతలంత మర బిగిస్తే
అప్పుడు దానికి ఆకలి పుడుతుంది.
ఒక అంచు అరిగితే బిళ్ళను తిప్పి రెండో అంచు.
రెండూ అరిగాయా,
కిటికీలో ఉన్న జామ్ సీసాలోకి.
కడ్డీ మాత్రం అదే.
నేను ఈ ఊరు రాకముందు నుంచీ అదే.

జనవరిలో ఒక రాత్రి
పసిపిల్లల స్నానాల తొట్టికి అచ్చు.
పదకొండు గంటల ఫినిషింగ్,
సగంలో బిళ్ళలు నేనే మార్చాను.
శుభ్రంగా తుడిచాననే అనుకున్నాను.
తెల్లవారుజామున తలుపు తీసి చూస్తే
ఒక పక్క అచ్చంతా నిలవనీళ్ళంత నునుపు,
రెండో పక్క దువ్వెనతో గీకినట్టు గీతలు.

స్టానిఫోర్త్ ఏమీ అనలేదు.
మర విప్పాడు, బిళ్ళ తీశాడు,
అది కూర్చునే చోట భూతద్దం పెట్టి
నన్ను వేలితో పిలిచాడు.
ఒక్క రజను.
నీలం రంగు.
కంట్లో పడితే నలుసనైనా అనుకోం.

వెంట్రుకవాసి అని మనం ఊరికే వాడేస్తాం,
బస్సు తప్పినా, ప్రాణం దక్కినా.
ఇక్కడ వెంట్రుకను కూడా కొలుస్తారు.
నా జడలోది ఒకటి పీకి
మైక్రోమీటరు దవడల మధ్య పెట్టి చూశాను:
డెబ్బై మైక్రాన్లు.
"నీ రజను ఇందులో మూడో వంతు" అన్నాడు.
"పన్నును తిట్టకు, లవ్. పీట చూడు."

అచ్చంతా మరో రెండు వెంట్రుకలు లోతుకు దించాం.
తొట్టి గోడ ఆ మేరకు మందమవుతుంది.
ఏ తల్లికీ తెలియదు.

ఆ రాత్రే ఇంకో సంగతి చెప్పాడు,
మూడింటికి, కట్టుడు పళ్ళు తీసి రుమాల్లో చుట్టి
బిస్కెట్‌ను టీలో ముంచుతూ.
నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరిగేదానికి
సరిగ్గా నడిమి కొన దగ్గర వేగమెంత?
నేను కాగితం కోసం వెతుక్కున్నాను.
"సున్నా" అన్నాడు, బోసినోటితో.
అంచు కోస్తుంది. కొన రుద్దుతుంది.
అంత హోరులో అక్కడొక చుక్క
కదలదు, పనీ చేయదు.
నిటారుగా దించితే
తొట్టి అడుగున పొక్కులాంటి మచ్చ మిగులుతుంది.
అందుకే తల వంచాలి,
పదిహేను డిగ్రీలు చాలు.

నాకు వేదాంతం పొంగుకొచ్చింది.
అతనికి కూలెంట్ నిండుకుందని గుర్తొచ్చింది.
బకెట్ తీసుకుని లేచాను.

జామ్ సీసా నిండినప్పుడు
పాత ఇనుము వాడు తూకం వేసి పట్టుకెళతాడు,
ఆ డబ్బు బిస్కెట్లకు సరిపోతుంది.
ఇప్పుడు బిళ్ళ మార్చేముందు
పీట మీద ఊదుతాను, బ్రష్షుతో తుడుస్తాను,
ఆ పైన గోటితో తడుముతాను.
కంటికి ఆననిది గోటికి దొరుకుతుంది.

మొన్న రాథరమ్ బజారులో
వానకు తలదాచుకోబోయి చూశాను,
లేతపచ్చ తొట్లు, ఒకదానిలో ఒకటి.
పైదాన్ని బోర్లించి
అడుగున నట్టనడుమ వేలు పెట్టాను.
కొట్టావిడ అనుమానంగా చూసింది.
"ఏమన్నా లోపముందా, లవ్?"
లేదన్నాను.
మరోసారి రాసి చూసి
మళ్ళీ వానలోకి నడిచాను.
మా ఇంట్లో పసిపిల్లలెవరూ లేరు.