సిఫారసు ఉత్తరం

డులూత్‌లో నవంబరు. సరస్సు మీంచి గాలి
తలుపు కింది సందులోంచి దూరి
చాపల అంచులు లేపుతోంది.
పక్కన లాండ్రీ. గోడకి వీపు ఆనిస్తే
ఎవరివో దుప్పట్లు ఆరుతున్న వెచ్చదనం.
ఆ గోడ దగ్గరే కూర్చుని రాస్తున్నాను
రోవెనా క్విస్ట్ గురించి, అర్ధరాత్రి లోపు,
ఖాళీలు వదలకుండా.

వాళ్ళమ్మ నిన్న వచ్చింది.
ఆస్పత్రి వంటింటి నుంచి నేరుగా, తలకి వల కూడా తియ్యకుండా.
"పదేళ్ళు కట్టానండీ ఫీజు" అంది.
లెక్క అడగటం కాదు, ఊరికే అంది.
తరవాత తన బూట్ల వైపు చూస్తూ
"ఈ జూడో... కాలేజీ సీటుకి పనికొస్తుందంటారా?"

ముప్ఫయ్యేళ్ళుగా ఈ ప్రశ్న
చెప్పుల స్టాండు దగ్గరే అడుగుతారు.
చాప మీద ఎవరూ అడగరు.

నేనేం చెప్పను?
టక్కర్ నీమికి నల్ల బెల్టు ఉండేది. కంచు పతకమూ ఉండేది.
నాలుగు కాలేజీలకి రాశాడు, నాలుగూ కాదన్నాయి.
ఇప్పుడు లిఫ్టులు బాగుచేస్తాడు.
పోయిన చలికాలం నిచ్చెన మీంచి జారి
పన్నెండడుగులు కిందికొచ్చాడు.
గడ్డం ఛాతీకి ఆనించి, అరచేత్తో నేలని చరిచి,
లేచి, టోపీ వెతుక్కున్నాడట.
ఇది ఏ కాలేజీ వాళ్ళకి చెప్పుకోవాలి?

ఫారంలో గళ్ళున్నాయి.
నాయకత్వం: నూటికి ఒక్కరా? అయిదుగురిలో ఒకరా? పదిమందిలోనా?
పట్టుదల: మళ్ళీ అవే గళ్ళు.
పడటానికి గడి లేదు.

మొదటి ఆర్నెల్లూ నేను నేర్పింది అదొక్కటే.
వెనక్కి పడటం, పక్కకి పడటం, చూసుకోకుండా పడటం.
ఏడేళ్ళ పిల్ల, ముందుపళ్ళు లేవు,
"విసరటం ఎప్పుడు నేర్పుతారు?" అని రోజూ అడిగేది.
"నేల మీద కోపం పోయాక" అనేవాణ్ణి.

కష్టపడింది అని రాయచ్చు. వాళ్ళకి ఆ మాట ఇష్టం.
కానీ పదిహేనో ఏట, సెయింట్ క్లౌడ్ పోటీలో,
తను విసిరిన పిల్లకి కాలర్ బోన్ విరిగింది.
చప్పుడు మూడో వరసలో ఉన్న నాకే వినపడింది.
తప్పు ఎవరిదీ కాదు, రిఫరీ కూడా అదే అన్నాడు.
మెడలో బంగారు పతకం వేశారు.
కారులో డులూత్ దాకా దాన్ని గుప్పిట్లో మూసుకునే కూర్చుంది.

ఆ తరవాత ఏడాది రాలేదు.
ఒక మంగళవారం వచ్చింది, ఏమీ చెప్పకుండా
తెల్ల బెల్టు పిల్లల వరసలో చివర నిలబడింది.
వాళ్ళతోబాటు మళ్ళీ మొదటి నుంచి
వెనక్కి పడింది, పక్కకి పడింది.
నిలబడటంలో కూడా ఎక్కడో పడటం ఉందని
నాకు ఆ రోజే తట్టింది.
పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కారంటారు.
(కొందరు చెడ్డవాళ్ళూ బాగానే పడతారు. చూశాను.)

తన వ్యాసం నాకు చూపించింది.
చాపల చిరుగులకి శనివారాలు టేపు అతికించటం గురించి
ఆరువందల మాటలు.
జూడో అన్న మాట రెండుసార్లే వచ్చింది.
"సెయింట్ క్లౌడ్ గురించి మీరు కూడా రాయకండి" అంది.
పిల్లకి ఉన్న బంగారం అదొక్కటే.
అదొక్కటే ఆ గళ్ళలో పట్టేది.

పదకొండు నలభై.
"ఈమెకి ఒక పతకం ఉంది" అని కొట్టాను.
చెరిపేశాను.
"ఈమె పడటం ఎవరైనా చూడాలి" అని కొట్టాను.
అదీ చెరిపేశాను, ఎవరైనా తప్పుగా అనుకుంటారని.
మళ్ళీ అదే కొట్టాను.
గోడ అవతల డ్రయ్యరు ఆగింది.
పంపేశాను.

వాళ్ళమ్మకి నిన్న "తెలీదండీ" అన్నాను.
తలూపింది. సంచీలోంచి డిసెంబరు ఫీజు తీసి
చెప్పుల స్టాండు మీద పెట్టి వెళ్ళింది.
రసీదు రాయటం మర్చిపోయాను.