జాలీ కింద

బెర్గెన్‌లో వాన వచ్చిందని ఎవరూ అనరు.
ఆగితే మాత్రం కిటికీలు తెరిచి చూస్తారు.

అక్టోబరు ముసుర్లో
మోకాళ్ల కింద గోనెసంచి మడిచి వేసుకుని
మా రెండిళ్ల మధ్య ఇనుప జాలీ మీంచి
బర్చ్ ఆకులు ఎత్తుతోంది గూడ్‌వేగ్.
సెనగపిండి కలిపినట్టు పచ్చటి చేతులు,
ఇరవై ఏడేళ్లు పడవ రేవులో టికెట్లు చింపిన వేళ్లు.

ఆమె బుట్ట పారబోసి వచ్చేలోగా
కిటికీ చట్రానికి తెల్లరంగు వేసిన కుంచె
డబ్బాలో జాడించి
ఆ నీళ్లు జాలీలో ఒంపాను.
గుటుక్కున మింగింది.
నేలలోకి పోయినదానికి లెక్కుండదు
అనుకునే వయసు కాదు నాది,
అయినా అనుకున్నాను.

ఆమె చూసింది. తిట్టలేదు.
"బూట్లు వేసుకో," అంది.

ఈ జాలీ నుంచి కింది వీధి జాలీకి,
అక్కణ్ణించి బేకరీ వెనక మ్యాన్‌హోల్‌కి.
ఒక్కోచోట వంగి, చెవి పెట్టి,
"ఇదుగో, ఇక్కడిదాకా వచ్చింది నీ డబ్బా."
స్కూలు దాటాక
గొట్టం నోరు తెరిచిన చోట, వాగు.
సముద్రం వదిలి గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే ట్రౌట్లు
చుక్కల పొట్టలు ఆనించుకునే గులకరాళ్ల మీదుగా
సన్నగా, తెల్లగా
జారిపోతోంది నా కిటికీ.

తప్పయిందని చెబుదామనుకున్నాను.
ఆమే ముందు మాట్లాడింది.

"డెబ్భై తొమ్మిదిలో మా సిగుర్ద్ కారు ఆయిల్ మార్చాడు.
ఆ నల్లదంతా పారబోసింది నేను. ఆయన కాదు.
నాలుగు లీటర్లు. ఆ జాలీలోనే.
చేతులు కడుక్కుని చొక్కాలు ఇస్త్రీ చేశాను.
మర్నాడు పిల్లలు పుల్లలతో చేపల్ని తిరగేస్తున్నారు,
ఒక్కటీ ఈదలేదు.
ఎవరి పని అని పేపర్లో అడిగారు.
ఆ కాగితంలోనే బంగాళాదుంప తొక్కలు చుట్టాను."

మా ఇద్దరి టోపీల మీదా
వాన ఒకే చప్పుడు.

ఇంటికొచ్చి, డబ్బాలో మిగిలిన నీళ్లు
జామ్ సీసాలో పోసి మూత బిగించాను.
ఎక్కడ పారబోయాలో తెలియలేదు.
రాత్రికి రంగు అడుక్కి దిగి
పైన తేటపడ్డాయి,
దాహమేస్తే తాగొచ్చన్నట్టు.

చీకట్లో మళ్లీ
ఇనుము మీద ఆకులు గీరిన చప్పుడు.
మా ఇంట్లో గోనెసంచి లేదు.
కారులోని రగ్గు మడిచి పట్టుకెళ్లాను.