ఎడమ పక్క ఏడో ఎముక

మటొండోనిలో మేం పడవకి బొమ్మ గియ్యం.
వెన్నుదూలం పడిందంటే
మిగతాదంతా కంటితోనే.

ఆ కన్ను వాడికి లేదనుకున్నాను.

"బడిలో కూర్చోడు, వలకి వెళ్ళడు,
ఎక్కడ చూస్తే అక్కడే నిలబడిపోతాడు.
నీ బాడిస చేతికిస్తే మనిషవుతాడేమో చూడు ఫుమో"
అంది మ్వనైషా, కొడుకుని ముందుకి తోస్తూ.
బ్వనహేరి నా మొహం చూడలేదు.
నా వెనక పడున్న కట్టెల కుప్పని చూస్తున్నాడు.
పొగరనుకున్నాను.

రెండు రంజాన్లు వెళ్ళాయి.
వాడి దెబ్బ ఒక్కటీ గీత మీద పడలేదు.
మామిడి పలకలు పాడుచేశాడు,
ఓసారి తన బొటనవేలి గోరే చెక్కేసుకున్నాడు.
సందుల్లో నూనె దూది కూరమంటే
సగంలో ఆపి, చెక్క నరాన్ని వేలితో రాస్తూ కూర్చునేవాడు.
మొక్కై వంగనిది మానై వంగునా అని
నేను తిట్టని పూట లేదు.
ఓ పూట తలెత్తి అడిగాడు:
"ముందే వంగి ఉన్నదాన్నేం చేస్తారు మావా?"
ఎదురు మాటలా అని చెవి మెలేశాను.

అది ప్రశ్న.
నాకు తెలియడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.

అదీ నా తెలివి కాదు.
కట్టెలు కొట్టే అథ్మాన్‌కి జ్వరమొస్తే
ఎటూ పనికిరానివాడే కదా అని వీణ్ణి మడ అడవికి తోలాను.
పాటుకి బురదలో ఇరుక్కుని
మర్నాటి పోటుకి వచ్చాడు.
పదకొండంటే పదకొండు కట్టెలు.
అథ్మానయితే నలభై తెచ్చేవాడు.

తిట్టడానికి నోరు తెరిచాను.
వాడో కట్టె తీసి
ఎడమ పక్క ఏడో గుర్తు దగ్గర ఆన్చాడు.
ఒదిగిపోయింది.
ఉలి తగల్లేదు, బాడిస తగల్లేదు,
పొట్ట దగ్గర ఎంత వంపు కావాలో అంతే వంపు.
ఇంకోటి. ఇంకోటి.
నా కొలతాడు జేబులోనే ఉండిపోయింది.

ఎలా చూశావురా?
"చెట్టుకి ఉన్నప్పుడే... పడవలో ఉంది" అని నసిగాడు.

రెండేళ్ళు నేను చెక్కడం నేర్పుతున్నాను.
వీడు చెక్కక్కర్లేనిదాన్ని వెతుక్కుంటున్నాడు.

ఆ రాత్రి మా నాన్న గుర్తొచ్చాడు.
గోడల మీద సున్నపు తీగలు చెక్కే మేస్త్రీ వెనక తిరుగుతున్న నన్ను
"మనది పడవల ఇల్లు" అని రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు.
నేను మంచి పడవలే కట్టాను.
ఎవరి మీదా కోపం లేదు.
తడి ఇసుక కనబడితే మాత్రం
వేళ్ళు వాటంతటవే తీగలు గీస్తాయి.

తెల్లారి వాడి చేతిలోంచి బాడిస తీసుకున్నాను.
పొమ్మంటున్నాననుకుని బిక్కమొహం వేశాడు.
తెడ్డిచ్చాను.
వెనకే నేనూ ఎక్కాను.

పురుగు తొలిచిన కట్టె కొడితే ఎలా పలుకుతుందో,
వంపు తిరిగిపోకుండా ఎన్నాళ్ళు నీడలో ఆరాలో,
ఏ చెట్టుని ఈ ఏటికి వదిలెయ్యాలో చెప్పాను.
కన్ను వాడిది.
కంటికి కనిపించనివి కొన్ని నా దగ్గరున్నాయి.

ఓసారి తప్పుడు కట్టె ఎంచాడు.
నాకు తెలుసు. చెప్పలేదు.
బిగిస్తుంటే ఫెళ్ళున విరిగింది.
రెండ్రోజులు అన్నం ముట్టలేదుట.
మూడో రోజు ఆ ముక్కలే పట్టుకొచ్చి
"ఈ ముడి చూళ్ళేదు" అన్నాడు.
ఇద్దరం కూర్చుని
చాలాసేపు ముడినే చూశాం.

కస్కాజీ గాలి మొదలవకముందే పడవ నీళ్ళు తాకింది.
ఊరంతా తెరచాపని చూస్తోంది,
ముక్కుకి రాసిన రంగుల కన్నుని చూస్తోంది.
వాడు నడుం లోతు నీళ్ళలో
ఎడమ పక్క పలక మీద అరచెయ్యి ఆన్చి నిలబడ్డాడు.
ఆ పలక వెనక ఏముందో
మా ఇద్దరికే తెలుసు.

"బాడిస పట్టడం వచ్చిందా వీడికి?"
మ్వనైషా గొంతు.
రాలేదన్నాను.
రాదు కూడా అన్నాను.
నేనెందుకు నవ్వుతున్నానో ఆమెకి చెప్పాలి,
కూర్చోబెట్టి, మెల్లిగా.
ఇప్పుడు కాదు.
పోటు తిరుగుతోంది,
వాడు తెడ్డు వెతుక్కుంటున్నాడు.