తోడు

పొద్దున ఎనిమిదింటికి చేపల గదిలో దీపాలు వెలుగుతాయి.
హబ్సిగూడ రోడ్డు మీద అప్పటికే హారన్లు.
వజ్రమ్మ తొట్టెల్లో అడ్డుగాజులు తీస్తూ
"పెండ్లిండ్లు షురూ" అంటుంది.
అరగంటలో గుడ్లు,
ఆవగింజంత, లోపల అంతా కనబడేంత తేట.

మైక్రోస్కోప్ కింద ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు.
నూట ఇరవై ఎనిమిది దాకా
ఎవరికీ వీపు లేదు, పొట్ట లేదు.
అప్పుడు ఒక మూల, కొన్ని కణాల్లో,
నేను మెరుపు తొడిగిన ప్రొటీన్ ఒకటి
గడప దాటి న్యూక్లియస్‌లోకి పోతుంది.
అంతే. ఇక ఆ వైపు వీపు.

"సిగ్నల్ అంటే ఏందమ్మా?" అని ఒకసారి అడిగింది.
తార్నాక చౌరస్తా చెప్పబోయాను,
ఎరుపు, పచ్చ, పోలీసు.
నాకే నచ్చలేదు. కణాలకు పోలీసు లేడు,
పక్కింటి మాట గోడ మీంచి పక్కింటికి పోవడమే.
ఆమే తేల్చేసింది:
"తోడేసినట్టు గదా!
చెంచెడు పడితె గిన్నెడు పాలు మాటింటయి."
నా థీసిస్‌లో అంత మంచి వాక్యం లేదు.

ఆమెకు చెప్పని సగం ఒకటుంది.
పెరుగు అన్న మాట చెవిన పడ్డాక
దాన్ని చెరిపే చేతులూ కావాలి.
ప్రతి కణంలో ఒక చిన్న గుంపు
ఆ ప్రొటీన్‌ని పట్టుకుని తునకలు చేస్తూనే ఉంటుంది,
విందు అయ్యాక వెనక వాకిట్లో
గిన్నెలు తోమేవాళ్లలా.

ఆషాఢంలో మూడు వారాలు రాలేదు.
బోనాలకేమో అనుకున్నాం.
రెడ్ హిల్స్ నుంచి కొడుకు పోశెట్టి ఫోన్,
"కాయితం ఇంగ్లీషుల ఉంది మేడం."
పెద్దపేగు.
పాథాలజీలో తెలిసినాయన స్లైడు పెట్టి పక్కకు జరిగాడు.
న్యూక్లియస్ న్యూక్లియస్‌కీ గోధుమరంగు మరక.
ఐదేళ్లుగా నా నోట్‌బుక్ నిండా రాస్తున్న పేరే,
బీటా కెటెనిన్.
పొద్దున చేపపిల్లకు వీపు ఇచ్చిన చెయ్యే
ఇక్కడ గడప లోపల కూర్చుని లేవనంటోంది.
తోమేవాళ్ల గుంపు ఎప్పుడు చెదిరిందో ఎవరూ చూడలేదు.
పెరుగు, పెరుగు, పెరుగు,
చాలు అనే నోరు లేని ఇల్లు.

వార్డులో ఆమె కాయితం వైపు చూడలేదు.
"నీళ్ల వేడి చూస్తున్నరా? ఇరవై ఎనిమిదిన్నర దాటొద్దు.
అడ్డుగాజు ఎవరు తీస్తున్నరు?"
నేనే, అన్నాను.
"మెల్లగ తియ్యి. ఆడచేపలు బెదురుతయి."
తోడు ఎక్కువైతే ఏమైతదని అడగలేదు.
పులిసిన గిన్నెలు ఎన్ని కడిగిందో ఆ చేతులు.

మర్నాడు ఎనిమిదింటికి దీపాలు.
మెల్లగా తీశాను. ఆమె అనే మాట నా నోట రాలేదు.
రెండుంపావు గంటలకు ఆ మూల మెరిసింది.
ఇన్నేళ్లూ లోపలికి పోయిన నిమిషమే రాసుకుని
ప్లేటు మార్చేసేదాన్ని.
ఇవాళ మార్చలేదు.
ఎప్పుడు బయటికొస్తుందో చూద్దామని కూర్చున్నాను.
కింద కప్పులో చాయ్ మీద మీగడ కట్టింది.